మర్దన చేసే చేతుల కోసం: మసాజ్ థెరపిస్టులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను 19 ఏళ్లుగా మర్దన పనిలో ఉన్నాను. ముందు కేరళ పద్ధతిలో పంచకర్మ అనే ఆయుర్వేద చికిత్స చేసే ఒక కేంద్రంలో, తరువాత హైదరాబాదులో ఒక స్పాలో పనిచేశాను. ఇప్పుడు సొంతంగా కొద్దిమందికి చేస్తూ, కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారికి నేర్పుతున్నాను. శిక్షణలో మాకు నూనెల గురించి చెప్పారు, మర్మస్థానాల గురించి చెప్పారు, ఏ బాధకు ఏ పట్టు పట్టాలో చెప్పారు. పట్టే చెయ్యి ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎదుటివారి వీపు మీద వేలు పెట్టగానే ఎక్కడ బిగుసుకుందో చెప్పగలిగిన నేను, నా బొటనవేలు నెలల తరబడి చెబుతున్నది వినిపించుకోలేదు. నా దగ్గర నేర్చుకునేవారికి ఆ గతి పట్టకూడదని, వారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఆయుర్వేద కేంద్రాల్లో పేషెంటు అంటారు, స్పాలలో గెస్టు అంటారు. ఇక్కడ అందరినీ క్లయింటు అనే రాశాను.

సాయంత్రానికి ఒళ్లంతా పిండేసినట్టు ఉంటుంది. ఈ పనిలో ఇది మామూలేనా?

అలసట మామూలే. నొప్పి మామూలు కాదు. రాత్రి నిద్రతో పోయేది అలసట. పొద్దున్నే లేచి కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు కూడా బొటనవేలు సలుపుతున్నా, వరుసగా రెండు వారాలు ఒకే చోట నొప్పి ఉంటున్నా, దాన్ని అలసట అనుకుని ఊరుకోకండి. “మొదట్లో అందరికీ ఉంటుంది, అలవాటైపోతుంది” అని సీనియర్లు చెబుతారు. కండరం అలవాటు పడుతుంది కానీ వాచిన కీలు అలవాటు పడదు.

కనిపించని అలసట ఇంకొకటి ఉంది. గంటసేపు మన ముఖం ప్రశాంతంగా ఉండాలి, గొంతు మెత్తగా ఉండాలి, ఇంట్లో పిల్లవాడికి జ్వరం ఉన్నా సరే. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌ల గురించి రాస్తూ, ఉద్యోగం కోసం భావాలను అదుపులో పెట్టుకోవడం కూడా ఒక శ్రమే అన్నారు. మన పనికి ఆ మాట అక్షరాలా వర్తిస్తుంది. కాబట్టి ఒళ్లు నొప్పులు లేని రోజున కూడా ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోతే, మీలో ఏదో లోపం ఉందని అనుకోకండి. ఆ రోజు మీరు ఆ పని కూడా చేశారు.

బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి. నొక్కినప్పుడల్లా జివ్వుమంటోంది. ఏం చేయాలి?

మన వృత్తిలో ఎక్కువమంది చేతులు ముందు పాడయ్యేది ఇక్కడే. బొటనవేలిని పైకెత్తే, పక్కకు చాపే రెండు స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) మణికట్టు పక్కన ఒక ఇరుకైన తొడుగులోంచి వెళతాయి. రోజంతా బొటనవేలితో నొక్కుతుంటే ఆ తొడుగు మందమై, స్నాయువులు కదలడానికి చోటు చాలక రాపిడి మొదలవుతుంది. 1895లో దీన్ని వివరించిన స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వెయిన్ పేరుతోనే డాక్టర్లు దీన్ని పిలుస్తారు. బొటనవేలిని అరచేతిలోకి మడిచి పిడికిలి బిగించండి. మణికట్టును మెల్లగా చిటికెనవేలి వైపు వంచండి. మణికట్టు పక్కన ఒక్కసారిగా చురుక్కుమంటే ఇదే కావచ్చు. నొప్పి ఇంకాస్త కిందికి, అరచేతి కండ దగ్గర, బొటనవేలి అడుగు కీలులోనే ఉంటే అది కీలు అరుగుదల అయ్యే అవకాశం ఉంది. ఏది ఏదో ఎముకల డాక్టరు చూసి చెప్పాలి.

నాకు ఏడో ఏట వచ్చింది. మూడు నెలలు దాచాను. చెబితే షిఫ్టులు తగ్గిస్తారని భయం. చివరికి సీసా మూత తిప్పలేని స్థితిలో డాక్టరు దగ్గరకు వెళితే, బొటనవేలు కదలకుండా పట్టీ వేసి ఆరు వారాలు పని మానమన్నారు. మొదటి వారమే వెళ్లి ఉంటే పది పదిహేను రోజుల్లో తేలిపోయేదని ఆయన అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. పట్టీ, విశ్రాంతితో తగ్గకపోతే ఇంజెక్షన్ ఇస్తారు. ఆపరేషన్ దాకా వెళ్లేవారు తక్కువ.

తిరిగి పనిలోకి వచ్చాక నేను పట్టే పద్ధతి మొత్తం మార్చుకున్నాను. వీపు మీద పొడవైన ఒత్తిడికి ముంజేయి వాడతాను. పిరుదుల దగ్గర లోతుగా నొక్కడానికి మోచేయి. తొడలకు మెత్తగా ముడిచిన పిడికిలి. బొటనవేలు వెతకడానికి మాత్రమే. బిగుసుకున్న చోటు దొరికిన తరువాత నొక్కే పనిని మోచేతికో పిడికిలికో అప్పగించాలి. తప్పనిసరిగా బొటనవేలితోనే నొక్కాల్సి వస్తే అది వెనక్కి విల్లులా వంగకూడదు. వేలు, మణికట్టు, ముంజేయి ఒకే గీతలో ఉండాలి, రెండో చేతిని దాని మీద ఆనించాలి. మోచేయి పెడితే మొరటుగా ఉంటుందని కొందరు క్లయింట్లు అనుకుంటారని వెనకాడేదాన్ని. మెల్లగా దించితే వారికి తేడాయే తెలియదు.

రాత్రుళ్లు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. చెయ్యి విదిలిస్తే తగ్గుతోంది.

ఏ వేళ్లో గమనించండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతుంటే మణికట్టు దగ్గర మధ్యనాడి నొక్కుకుపోతోందని అర్థం. కార్పల్ టనెల్ అనేది దీన్నే. చిటికెనవేలు, దాని పక్క సగం అయితే మోచేతి దగ్గర నాడి సంగతి చూడాలి. మోచేతిని బల్ల అంచుకు ఆనించే అలవాటు ఉన్నవారికి ఇది వస్తుంటుంది. నిద్రలో మణికట్టు ముడుచుకుపోవడం వల్ల రాత్రిపూట తిమ్మిరి పెరుగుతుంది. మణికట్టును నిటారుగా ఉంచే పట్టీ రాత్రి మాత్రమే కట్టుకుంటే చాలామందికి కొన్ని వారాల్లో తేలికపడుతుంది. మధుమేహం, థైరాయిడ్ తక్కువగా ఉండటం, గర్భం కూడా దీనికి కారణాలే కాబట్టి రక్తపరీక్ష చేయించుకోండి. వస్తువులు చేతిలోంచి జారిపోతున్నా, బొటనవేలి అడుగు కండ పలచబడినా ఇక ఒక్క రోజు కూడా ఆగవద్దు.

బల్ల ఎత్తు ఎంత ఉండాలి?

బల్ల పక్కన నిటారుగా నిలబడి చేతులు వదిలేసి పిడికిలి ముడిస్తే, వేళ్ల కణుపులు బల్లకు తగలాలి. లోతుగా ఒత్తే పని ఎక్కువైతే ఇంకాస్త తక్కువ ఎత్తు మేలు. ఎత్తు మార్చుకునే బల్ల ఉన్న చోట ప్రతి థెరపిస్టు తన షిఫ్టు మొదట్లో దాన్ని సరిచేసుకోవాలి. చాలామంది ముందు షిఫ్టు వాళ్లు వదిలిన ఎత్తులోనే రోజంతా గడిపేస్తారు.

పంచకర్మ కేంద్రాల్లో చెక్క ద్రోణితో, అంటే నూనె మర్దనకు క్లయింటును పడుకోబెట్టే చెక్క బల్లతో, అసలు చిక్కు ఇక్కడే. దాని ఎత్తు మారదు. పొడుగైనవారు రోజంతా నడుము వంచాలి, పొట్టివారు రోజంతా భుజాలు ఎత్తాలి. ద్రోణి కాళ్ల కింద గట్టి దిమ్మెలు వేయించమని యాజమాన్యాన్ని అడగండి. ఎత్తు ఎక్కువైతే, కింద రబ్బరు అంటించిన వెడల్పు పలక మీద నిలబడండి. నూనె పడిన నేల మీద మామూలు చెక్క జారుతుంది, అది మాత్రం వద్దు.

ఇక నిలబడే తీరు. రెండు పాదాలు పక్కపక్కన పెట్టి నడుము వంచితే బరువంతా నడుము మీదే పడుతుంది. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి పెట్టి, ముందు మోకాలు కొద్దిగా వంచి, రోకలి పోటు వేసేవారిలా ఒళ్లంతా ముందుకు వాలాలి. ఒత్తిడి చేతుల్లోంచి పుట్టకూడదు, కాళ్లలోంచి వచ్చి చేతుల మీదుగా వెళ్లాలి. దీంతోపాటు ఊపిరి సంగతి చెప్పాలి. కొత్తవారందరూ నొక్కేటప్పుడు ఊపిరి బిగబడతారు. పక్కన నిలబడి చూస్తే మెడ నరాలు పైకి తేలి కనబడతాయి. ముందుకు వాలేటప్పుడు ఊపిరి వదలండి, వెనక్కి వచ్చేటప్పుడు పీల్చండి. నేను నేర్పేవాటిలో ఒకే ఒక్కటి మిగలాలంటే ఇది మిగిలితే చాలు.

రోజుకు ఎన్ని మర్దనలు చేయవచ్చు?

గంట మర్దనలైతే నాలుగు, మహా అయితే ఐదు. ఇది నా అనుభవం చెప్పే లెక్క. వయసులో ఉన్నప్పుడు ఏడు చేసిన రోజులున్నాయి, ఆ రోజుల బాకీ తరువాత తీర్చాను. లెక్క కంటే వరుస ముఖ్యం. ఉద్వర్తనం అనే మర్దనలో పొడి చూర్ణంతో కింది నుంచి పైకి రుద్దుతాం, నూనె జారుడు ఉండదు కాబట్టి భుజాలు త్వరగా అలసిపోతాయి. దాని వెంటనే లోతైన మర్దన పెట్టించుకోకండి. మధ్యలో నుదుటి మీద నూనె ధారగా పోసే శిరోధార లాంటిది ఒకటి పడేలా రిసెప్షన్‌లో ఉన్నవారితో మాట్లాడుకోండి. వారికి పని తెలియదు, తెలిస్తే చాలావరకు సాయం చేస్తారు. కిళి, అంటే మందుల మూటతో చేసే మర్దన చేసేటప్పుడు వేడి మూటను ఒకే చేత్తో పట్టుకుంటూ పోకుండా చెయ్యి మారుస్తూ ఉండండి.

మాకు మధ్యలో విశ్రాంతే ఇవ్వరు. ఒకరు లేవగానే ఇంకొకరు. అప్పుడెలా?

పదిహేను నిమిషాల విరామం కోసం అడుగుతూనే ఉండండి. ఎందుకంటే చేతులు పాడైన థెరపిస్టు స్థానంలో కొత్తవారికి నేర్పుకోవడం యాజమాన్యానికీ ఖర్చే. కానీ అది వచ్చేవరకు, విశ్రాంతిని మర్దనలోనే వెతుక్కోవాలి. పని అయిపోయాక తీసుకుందామనుకునే విశ్రాంతి ఆ సాయంత్రం వంటింట్లో కరిగిపోతుందని మీకూ తెలుసు.

తలకు, ముఖానికి, పాదాలకు చేసేటప్పుడు స్టూలు మీద కూర్చోండి. నిలబడి చేయాలన్న నియమం ఎక్కడా లేదు. లోతుగా నొక్కిన ప్రతి ఐదారు నిమిషాల తరువాత అరచేతులు వదులు చేసి పొడవుగా నిమిరే పట్టు ఒక నిమిషం వేయండి. క్లయింటుకు హాయిగా ఉంటుంది, మీ చేతులకు అదే విరామం. దవడ బిగించారేమో చూసుకోండి. క్లయింటును బోర్లా నుంచి వెల్లకిలా తిప్పే సమయంలో రెండు భుజాలు చెవుల దాకా ఎత్తి ఒక్కసారి వదిలేయండి. గది తుడిచే రెండు నిమిషాల్లో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదిలేది పీల్చేదానికన్నా పొడవుగా ఉంటే గుండె వేగం తగ్గుతుంది.

ఇంట్లో చేసుకోవడానికి ఒకటి చెబుతాను. డబ్బాలో బియ్యం పోసి, మణికట్టు దాకా చెయ్యి దించి, పిడికిలి మూసి తెరవండి, వేళ్లు దూరంగా చాపండి. మన పనిలో వేళ్లు ముడిచే కండరాలే బలపడతాయి, చాచేవి వెనకబడతాయి. ఆ తేడా తగ్గడానికి రోజుకు రెండు మూడు నిమిషాలు చాలు. నొప్పి, వాపు ఉన్నప్పుడు మాత్రం చేయవద్దు.

మా అమ్మ బాలింతలకు, పసిపిల్లలకు నూనె రాసి నీళ్లు పోస్తుంది. ఆమె నడుము నొప్పికి మీరు చెప్పేవి పనికొస్తాయా?

ఈ ప్రశ్న అడిగినందుకు నాకు చాలా సంతోషం. మా అత్తగారూ ఇదే పని చేసేవారు. మర్దన చేసేవారంటే స్పాలో యూనిఫాం వేసుకున్నవారే అనుకుంటాం. ఉదయం ఆరింటికే రెండు మూడు ఇళ్లు తిరిగి బిడ్డలకు నలుగు పెట్టే ఈ స్త్రీలను ఏ శిక్షణా లెక్కలోకి తీసుకోదు. వారి శ్రమ మన శ్రమ కన్నా తక్కువది కాదు.

నేల మీద చిన్న పీట వేసుకుని, రెండు కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి, ముందుకు వంగి చేసే పని ఇది. కాళ్లు చాపి కూర్చున్నప్పుడు తొడ వెనక కండరాలు బిగిసి నడుమును వెనక్కి లాగుతాయి. ఆ స్థితిలో చేతులు ముందుకు చాపితే నడుము ఎముకల మధ్య ఒత్తిడి బాగా పెరుగుతుంది. పీట ఎత్తు పెంచండి. జానెడు ఎత్తు ఉన్నా తేడా తెలుస్తుంది. వీపు గోడకు ఆనేలా కూర్చోమనండి. మోకాళ్ల కింద తువ్వాలు చుట్టి పెడితే కాళ్లు కొద్దిగా వంగి నడుముకు తేలికవుతుంది. నీళ్ల బకెట్, చెంబు, నలుగు పిండి అన్నీ చెయ్యి చాపితే అందేంత దగ్గర ఉండాలి, వెనక్కి తిరిగి తీసుకునేలా ఉండకూడదు. వేడినీళ్ల కాగు మోయడం ఆ ఇంటివారి పని. ఆ మాట మొదటి రోజే చెప్పాలి, మూడో రోజు చెబితే వినరు. నీళ్లు పోయడానికి ఇంట్లో ఇంకొకరిని కూర్చోబెట్టుకుంటే ఆమె రెండు చేతులూ బిడ్డను పట్టుకోవడానికే ఉంటాయి, బిడ్డకూ అదే క్షేమం. మీ అమ్మగారు ఒక్కసారిగా లేవకుండా, పక్కకు తిరిగి, ఒక మోకాలు ఆనించి, చెయ్యి గోడకు పెట్టి లేవాలి.

సాంబ్రాణి ధూపం బిడ్డ జుట్టు ఆరడానికి వేస్తారు. ఆ ఇంటివారు నెల రోజులు పీలుస్తారు, మీ అమ్మగారు ఏడాది పొడుగునా పీలుస్తారు. కిటికీ తెరిచి, లేదా ఆ పని మానిపించి, మెత్తని గుడ్డతో తుడవమనండి. పనిలో పనిగా ఇంకో మాట: బిడ్డ ముక్కులో, చెవుల్లో నూనె వేయమని ఎవరు అడిగినా ఒప్పుకోవద్దని చెప్పండి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రమాదం.

వేడి గదిలో చెమటలు పట్టి నీరసం వస్తోంది. ఏం తినాలి, తాగాలి?

ఒళ్లంతా వేడి నూనె పోసే పిళిచ్చిల్, ఆవిరి స్నానం చేయించే గదుల్లో క్లయింటుకు ఇచ్చే శ్రద్ధలో పదో వంతు కూడా మనకు ఇచ్చుకోం. వేసవిలో ప్రతి మర్దనకూ మధ్య ఒక గ్లాసు నీళ్లు, రోజులో రెండుసార్లు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ. కండరాలు పట్టేస్తుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాలు పంచదార, అర టీ చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలుపుకుని తాగండి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు సంగతి డాక్టరును అడిగాకే. పొద్దున్నే రాగి జావ తాగి వచ్చినవారు పదకొండింటికి కూలబడటం నేను చూడలేదు. టీ మీద టీ తాగి వచ్చినవారిని చూశాను.

నూనె వేడి చేసే గ్యాసు పొయ్యి ఏసీ గదిలో తలుపులు మూసి వెలిగించకండి. సరిగా కాలని గ్యాసు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తలనొప్పి, తలతిరుగుడు వేడి వల్లే అనుకుంటాం.

చేతుల చర్మం ఎర్రబడి పగులుతోంది.

రోజుకు పదిసార్లు వేడినీళ్లు, సబ్బు పడితే చర్మం మీది సహజమైన జిడ్డు పోయి ఇలా అవుతుంది. గోరువెచ్చని నీళ్లు వాడండి, ఆరాక వాసన లేని వాజలీను లాంటిది రాయండి. ఫలానా సుగంధ తైలం వాడిన రోజే మండితే ఆ తైలం మార్చండి. చేతికి గాయం ఉంటే గ్లవ్స్ వేసుకోండి, అయితే నూనెకు లేటెక్స్ పాడవుతుంది కాబట్టి నైట్రైల్ రకం తీసుకోండి. క్లయింటుకు తామర, గజ్జి కనబడితే ఆ రోజుకు మర్దన వద్దని మర్యాదగా చెప్పడం మీ హక్కు. మీకే తామర వస్తే మందుల షాపులో అడిగి ఏదో ఒక ట్యూబు తెచ్చుకోకండి. స్టెరాయిడ్ కలిసిన క్రీములు మొదట దురద తగ్గించి, తరువాత తామరను మొండిగా మారుస్తాయి.

క్లయింట్ల బాధ, చెడు శక్తి మాకు అంటుకుంటుందా? కొందరికి చేశాక మనసు బరువెక్కుతుంది.

దాదాపు ప్రతి బ్యాచిలో ఎవరో ఒకరు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. ఆ బరువు నిజం. నేనూ ఎరుగుదును. భర్త పోయిన నెలకు మర్దనకు వచ్చిన ఒకావిడ, వీపు మీద చెయ్యి వేయగానే ఏడ్చారు. ఆ రోజు నేను ఇంటికి వెళ్లి అన్నం తినలేకపోయాను. కానీ అది ఏదో శక్తి అంటుకోవడం వల్ల జరిగిందని నేను అనుకోను. ఎదుటివారు బాధలో ఉంటే మన ఊపిరి వారి ఊపిరిలా చిన్నదవుతుంది, మన భుజాలు వారి భుజాల్లా బిగుస్తాయి. గంటసేపు అలా ఉంటే మనసు బరువెక్కదా?

అందుకే అలాంటి క్లయింటు దగ్గర నా పాదాలు నేలకు ఎక్కడ ఆనుతున్నాయో గుర్తు చేసుకుంటూ ఉంటాను. వారు ఏడిస్తే చెయ్యి తీయను, అలాగే నిశ్చలంగా ఉంచుతాను, సలహా ఇవ్వను. “కాసేపు ఆగమంటారా?” అని మాత్రం అడుగుతాను. వారు వెళ్లాక మోచేతుల దాకా చల్లని నీళ్లతో కడుక్కుంటాను. కొందరు ఉప్పునీళ్లతో కడుక్కుంటారు, కొందరు దీపం పెట్టుకుంటారు. ఇక్కడితో ఆ గంట అయిపోయింది అని ఒంటికి చెప్పే గుర్తు ఏదైనా మంచిదే. కానీ క్లయింటు రహస్యాలు ఇంట్లోవారికి చెప్పుకుని బరువు దించుకోవడం సరికాదు. పేరు, వివరాలు లేకుండా తోటి థెరపిస్టుతో నా మనసు ఎలా ఉందో మాట్లాడుకుంటాను.

క్లయింటు అసభ్యంగా మాట్లాడినా, చెయ్యి వేసినా ఏం చేయాలి?

చేతులు వెనక్కి తీసుకోండి, గదిలోంచి బయటకు వచ్చేయండి. వివరణ తరువాత. మర్దన మధ్యలో ఆపితే డబ్బు ఎవరు కడతారన్నది మీ సమస్య కాదు. పని మొదలుపెట్టే ముందే, ఏ భాగాలకు చేస్తారు, గుడ్డ ఎక్కడిదాకా కప్పి ఉంటుంది అన్నది స్పష్టంగా చెప్పడం నాకు చాలాసార్లు మేలు చేసింది.

పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులకు వ్యతిరేకంగా 2013లో వచ్చిన చట్టం ఉంది. పది మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువైతే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లాలో స్థానిక కమిటీకి రాసి ఇవ్వాలి. గడువు మూడు నెలలు. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. బయటి నుంచి వచ్చేవారి వల్ల ఇబ్బంది రాకుండా చూడటం కూడా ఆ చట్టం ప్రకారం యజమాని బాధ్యతే. అప్పటికప్పుడు సాయానికి 112, మహిళల హెల్ప్‌లైన్ 181. తెలంగాణలో మహిళల రక్షణ కోసం పోలీసుల షీ టీమ్స్ 2014 నుంచి పనిచేస్తున్నాయి. మిజోరం, నాగాలాండ్, మణిపూర్ నుంచి వచ్చి మన స్పాలలో పనిచేసే అమ్మాయిలు భాష రాక, తెలిసినవారు లేక నోరు మెదపరు. పక్క గదిలో మీరుంటే వారితో కలిసి వెళ్లండి.

ఏం పని చేస్తున్నావంటే చెప్పడానికి జంకుగా ఉంటోంది.

మసాజ్ అనగానే కొందరు చూసే చూపు నాకు తెలుసు. నేను మొదట్లో “ఆసుపత్రిలో పని” అని చెప్పేదాన్ని. ప్రతి పెళ్లిలో, ప్రతి రైలు ప్రయాణంలో ఆ అబద్ధాన్ని మోయడం అలసటగా ఉండేది. ఒకరోజు మా అమ్మాయి స్కూలు ఫారంలో తల్లి వృత్తి దగ్గర “పంచకర్మ థెరపిస్టు” అని తనే రాసింది. అప్పటి నుంచి నేనూ అదే చెబుతున్నాను.

బంధువులు కనబడగానే “కాస్త భుజం నొక్కు తల్లీ” అంటారు. కాదనలేను.

పెద్దవారు అడిగితే కాదనడం మన ఇళ్లలో కష్టమే. నేను ఐదు నిమిషాలు చేస్తాను, అదీ కూర్చుని, బొటనవేలు వాడకుండా. తరువాత “అత్తయ్యా, ఇవాళ నా చేతులు నొప్పిగా ఉన్నాయి, ఇది మీరే ఇలా చేసుకోండి” అని గోడకు టెన్నిస్ బంతి ఆనించి వీపు రుద్దుకోవడం చూపిస్తాను. నా చేతులు నొప్పిగా ఉన్నాయని పైకి అనడం నేర్చుకోవడానికే నాకు ఏళ్లు పట్టింది. అందరికీ చేసే మనిషికి నొప్పి ఉంటుందని ఎవరికీ తట్టదు, చెబితే అందరూ అర్థం చేసుకున్నారు.

మాకు మేమే మర్దన చేసుకోవచ్చా?

చేసుకోవాలి. అభ్యంగం (ఒంటికి నూనె మర్దన) రోజూ చేసుకోమని, తలకు, చెవులకు, పాదాలకు ప్రత్యేకంగా చేసుకోమని, అది అలసటను పోగొడుతుందని వాగ్భటుడు తన ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయంలో దినచర్య గురించి చెప్పేచోటే రాశాడు. రోజూ కుదరదు. వారానికి రెండుసార్లు స్నానానికి ముందు పావుగంట పెట్టుకోండి. గోరువెచ్చని నువ్వుల నూనెతో ముందు ముంజేతులు. అరచేయి పైకి పెట్టి, మణికట్టు నుంచి మోచేయి వరకు రెండో చేతి పిడికిలితో మెల్లగా జారండి. వేళ్లను కదిపే కండరాలు చాలావరకు ముంజేతిలోనే ఉంటాయి, అందుకే అరచేయి పిసుక్కుంటే తీరని నొప్పి ఇక్కడ తీరుతుంది. తరువాత పాదాలు, తల. పాదాలకు నూనె ఉండగా బాత్రూములోకి నడవకండి.

దీనికన్నా మంచిది, తోటి థెరపిస్టుతో ఒప్పందం. పదిహేను రోజులకోసారి మీరు వారికి, వారు మీకు. నాకూ నా స్నేహితురాలికీ పదకొండేళ్లుగా ఇది నడుస్తోంది. నా కుడి భుజం ఎడమదానికన్నా పైకి లేస్తోందని మొదట చెప్పింది ఆమే.

గర్భంతో ఉన్నప్పుడు ఈ పని చేయవచ్చా?

చాలామంది చేస్తారు. డాక్టరుకు మీ పని ఏమిటో వివరంగా చెప్పండి, “ప్రైవేటు ఉద్యోగం” అని ఊరుకోకండి. ఆవిరి గది, బరువులు ఎత్తడం, మోచేతి పనులు మానేయండి. ఈ సమయంలో మణికట్టు తిమ్మిరి రావడం మామూలు, ప్రసవం తరువాత చాలామందికి పోతుంది. పది మంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఉన్న సంస్థలో, ప్రసవానికి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటే, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల వేతనంతో కూడిన సెలవు మీ హక్కు.

చేతులు పాడై పని ఆగిపోతే ఎలా అన్న భయంతోనే నిద్ర పట్టదు.

ఆ భయం సగం డబ్బు గురించే, కాబట్టి డబ్బు మాటే చెబుతాను. మీ సంస్థలో పది మంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఉండి, నెల జీతం 21,000 రూపాయల లోపు ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. వైద్యంతో పాటు జబ్బు పడి పని మానిన రోజులకు కొంత వేతనం వస్తుంది. జీతపు చీటీలో కోత పడుతోందో లేదో ఈ నెలే చూసుకోండి. సొంతంగా ఇళ్లకు వెళ్లి చేసేవారు కేంద్ర ప్రభుత్వ ‘ఈ-శ్రమ్’ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. అసంఘటిత కార్మికుల కోసం 2021లో మొదలైంది, 16 నుంచి 59 ఏళ్ల వరకు చేరవచ్చు. టిప్పులను ఇంటి ఖర్చులో కలపకుండా విడిగా వేసి, ఆరు వారాల ఇంటి ఖర్చుకు సరిపడేదాకా ముట్టకండి. ఆరు వారాలని ఎందుకన్నానో పైన చెప్పాను.

క్లయింటును ముట్టుకోవాలంటేనే చిరాకు వస్తోంది. మానేయాలా?

ఎవరైనా తాకితే ఉలిక్కిపడటం, ఇంట్లో పిల్లలు ఒళ్లో చేరినా విసుక్కోవడం, ఆదివారం మధ్యాహ్నం నుంచే సోమవారం గురించి గుండె దడ, ఇవి వారాల తరబడి ఉంటే ముందు ఎవరితోనైనా మాట్లాడండి. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు. పేరు చెప్పాల్సిన ఒత్తిడి పెట్టుకోకుండా, “నాది మర్దన పని, అలసిపోయాను” అని మొదలుపెట్టండి.

మానేయాలా వద్దా అన్నది బాగా అలసిన రోజున నిర్ణయించకండి. రెండు వారాలు సెలవు తీసుకుని, లేదా వారానికి రెండు రోజులు తగ్గించి చూడండి. పని మార్చుకునే దారులూ ఉన్నాయి. నాతో మొదలుపెట్టిన ఐదుగురిలో ఒకరు ఔషధ తైలాలు కాచే చోట ఉన్నారు, ఒకరు రిసెప్షన్ చూస్తూ అందరి షిఫ్టుల వరుస వేస్తున్నారు, నాలాగే ఒకరు నేర్పుతున్నారు. మిగిలిన ఇద్దరు ఇప్పటికీ మర్దన చేస్తున్నారు, రోజుకు మూడే.